తాతారావు గారి దగ్గు

సాయంత్రం అయిదయ్యేసరికి తాటిపాకలో అచ్చాయమ్మ కుట్టుమిషను ఆగిపోతుంది. పెరటి గేటు దగ్గర దగ్గు వినపడుతుంది. రెండుసార్లు పొడిగా, మూడోసారి గొంతు సవరించుకున్నట్టు. ఆడవాళ్ళున్న పెరట్లోకి మగవాడు చెప్పకుండా అడుగుపెట్టకూడదని తాతారావు గారికి వాళ్ళమ్మ నేర్పింది. సొంత భార్య గిన్నెలు తోముకుంటున్నా సరే, ఆయన దగ్గకుండా లోపలికొచ్చింది లేదు. పోయి అయిదేళ్ళైనా ఆ మర్యాద మానలేదు. మనిషి లేరు, దగ్గు మాత్రం వేళకి వస్తుంది.

"బాబాయిగారు వచ్చేసినట్టున్నారండి పిన్నిగారూ, నేను పాలు పొయ్యి మీద పెట్టాలి" అంటూ పక్కింటి ప్రశాంతి జాకెట్టు కొలతలు సగంలో ఆపేసి వెళ్ళిపోతుంది.

అచ్చాయమ్మ పైట సర్దుకుని రెండు గ్లాసుల్లో టీ పోస్తుంది. దగ్గు టీ తాగదు, మాట్లాడదు. మీగడ కట్టిన రెండో గ్లాసు కూడా ఆవిడే తాగుతుంది. పిల్లలు లేరు. కుట్టుపని లేకుండా ఆవిడ కోసమే ఆ ఇంటికి వచ్చేది ఆ దగ్గొక్కటే.

మూడేళ్ళ కిందట సుభాష్ అనే ఏజెంటు ఆరోగ్య పాలసీ కాగితాలు పట్టుకొచ్చేడు. ఆవిడకప్పుడు అరవై అయిదు. తెల్లకార్డు లేదు, వెనకాల ఎవరూ లేరు. ఏదో ఒక ఆసరా ఉండాలి కదా అని సరేనంది. ఫారం నింపుతుంటే ఒకచోట కలం ఆగింది.

"సుగరుందా పిన్నిగారూ?"

"ఏడేళ్ళ నించీ ఉంది కదయ్యా."

"లేదని రాసేద్దామండి. ఉందంటే ప్రీమియం పెరుగుద్ది. పైగా దానివల్ల వచ్చే జబ్బులకి మూడేళ్ళు పైసా ఇవ్వరు. ఎవరు చూడొచ్చేరండి?"

మిట్టమధ్యాహ్నం. పెరటి గేటు దగ్గర దగ్గు. వేళ కాని వేళ, అదీ గట్టిగా.

సుభాష్ గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఆయ్, ఉన్నదున్నట్టే రాస్తానండి బాబాయిగారూ."

తాతారావు గారు సఖినేటిపల్లి రేవులో, గోదావరి దాటించే పంటు మీద ముప్పై ఏళ్ళు టికెట్లు ఇచ్చిన మనిషి. సొంత అక్కని కూడా టికెట్టు లేకుండా ఎక్కనివ్వలేదు. "పోయేక కూడా మీ నిజాయితీ నా పీకల మీదకే వచ్చింది" అని అచ్చాయమ్మ వారం రోజులు ఆయనకి టీ పెట్టలేదు.

ఈ ఏడు, మిషను తొక్కే కుడికాలి చిటికెనవేలికి చిన్న పుండు లేచింది. సుగరు కాలు కదా, నొప్పి తెలియలేదు. తెలిసేసరికి వేలు నల్లబడింది. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డాక్టరు చూసి, "కాలికి రక్తం వెళ్ళే నాళం మూసుకుపోయిందమ్మా. ఈవేళే తెరవాలి. ఆలస్యమైతే పాదం తీసెయ్యాల్సొస్తుంది" అన్నాడు. పాదం పోతే మిషను పోయినట్టే. మిషను పోతే కూడు పోయినట్టే.

ఆడవాళ్ళ వార్డులో మంచం ఇచ్చేరు. సాయంత్రం నాలుగు దాటేక, ఇన్సూరెన్స్ పనులు చూసే యామిని అనే అమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చింది.

"మీ పాత చీటీలన్నీ కంపెనీవాళ్ళు చూసేరండి మామ్మగారూ. పదేళ్ళ సుగరని వాటిలో ఉంది. ఫారంలో కూడా మీరు ఉందనే రాసేరు కాబట్టి సరిపోయింది. దాచుంటే ఈపాటికి కాదనేసేవారు. మూడేళ్ళ గడువు కూడా పోయిన నెల్లో తీరిపోయింది. మంజూరైందండి."

అచ్చాయమ్మకి తను పెట్టని ఆ వారం రోజుల టీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"మీ అటెండెంటు ఎవరండి?"

"అంటే?"

"మీతో ఉండేవాళ్ళు. వాళ్ళ సంతకం లేనిదే ఆపరేషన్ గదిలోకి తీసుకోరండి."

"నేనే పెడతానమ్మా. ఆటో ఎక్కి నేనే వచ్చేను కదా."

"మీకు మత్తిస్తారండి. బయట కుర్చీలో మీ మనిషి ఒకరుండాలి."

ప్రశాంతి పురిటికి పుట్టింటికి వెళ్ళింది. సుభాష్ ఫోనెత్తలేదు. ఇంకెవరున్నారని అచ్చాయమ్మ వేళ్ళు మడిచి చూసుకుంది. ఒక చెయ్యి కూడా నిండలేదు.

"అంత కడుతున్నాను, పాలసీలో దానికేమీ లేదా అమ్మా?"

యామిని ఫైలు మూసింది. "మందులకీ, మంచానికీ ఉందండి. మనిషికి లేదు."

గోడ గడియారంలో అయిదు కావస్తోంది. అయిదింటికి ఆయన వస్తారు. తాళం వేసిన ఇంటి పెరట్లో దగ్గి, పలికేవాళ్ళు లేక గేటు దగ్గరే నిలబడిపోతారు. కాలు పోతుందన్నప్పుడు రాని ఏడుపు ఆవిడకి అప్పుడొచ్చింది.

అయిదయ్యింది. వరండాలో దగ్గు వినపడింది. రెండుసార్లు పొడిగా, మూడోసారి గొంతు సవరించుకున్నట్టు. ఆడవాళ్ళ వార్డు కదా, గుమ్మం అవతలే ఆగింది.

యామిని పెన్ను తీసింది. "వచ్చేసేరు కదండీ! పేరేంటండి?"

"తాతారావు గారు."

"మీకేమవుతారు?"

"మావారు." ఆ మాట పైకి అని అయిదేళ్ళయ్యింది.

సంతకం పెట్టాల్సిన గడిలో యామిని 'దగ్గేరు' అని రాసి, ముద్ర గుద్ది లోపలికి పంపించింది.

చిటికెనవేలు పోయింది గానీ పాదం దక్కింది. నాలుగోరోజున అచ్చాయమ్మ ఇంటికొచ్చి, అయిదింటికి రెండు గ్లాసుల్లో టీ పోసి గేటు వైపు చెవి పెట్టింది. ఏమీ వినపడలేదు. మర్నాడూ లేదు. ఆ వారమంతా లేదు.

కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు సంగతి తెలిసింది. సరిగ్గా అయిదింటికి ఆ వరండాలో దగ్గు. మొన్న తను పడుకున్న మంచం మీద, రాజోలు నించి ఒక్కతే వచ్చిన ముసలావిడ గుమ్మం వైపు చూసి, నిమ్మళంగా కళ్ళు మూసుకుంది.

"ఇక్కడే ఉండిపోయేరండి" అంది యామిని. "ఎవరూ లేకుండా వచ్చినవాళ్ళకి ఆయనే అటెండెంటు. మీతో తీసుకెళ్తారేంటి మామ్మగారూ?"

అచ్చాయమ్మ ఆ మంచం వైపు చూసింది.

"వద్దమ్మా. ఉండనీ" అంది. ఆ మాట అనడం ఆవిడకి బొత్తిగా ఇష్టం లేదు.

ఆరింటి బస్సెక్కి తాటిపాకలో దిగి, కుంటుకుంటూ ఇంటి వెనక దారిన వచ్చి పెరటి గేటు దగ్గర ఆగింది. లోపల ఎవరూ లేరు. అయినా పైట సర్దుకుని, రెండుసార్లు పొడిగా, మూడోసారి గొంతు సవరించుకున్నట్టు దగ్గి, లోపలికి వెళ్ళి ఒక్క గ్లాసు టీ పెట్టుకుంది.