ఏడో నంబరు గాజుముక్క

నాకు కోపం ఎక్కువ, ముందే చెప్పేస్తున్నాను. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ల్యాబ్ అటెండర్‌ని. తడి చేతులతో సామాను ముట్టుకున్న స్కాలర్లని, ఎంత పెద్దింటి పిల్లలైనా సరే, తిట్టకుండా వదిలింది లేదు. జక్కయ్య కడిగాడంటే ఇక ఎవరూ మళ్ళీ పరీక్షించి చూడరని నాకు గర్వం. ఆ గర్వమే ఒక పిల్ల కొంప ముంచింది.

ఆ పిల్ల పేరు సాబిరా. మాచర్లలో బైకులు బాగుచేసే గులాం మొహిద్దీన్ కూతురు. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి మా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. నేను ఎంత అరిచినా నవ్వేస్తుంది. అందుకని ఆ పిల్ల మీద సరిగ్గా అరవడం కూడా నాకు ఏనాడూ చేతకాలేదు.

ఆమె పని గాజు చేయడం. పొడులు తూచి, కల్వంలో గంటసేపు మెత్తగా నూరి, ఫర్నేసులో కరిగించి, ఇత్తడి పలక మీద పోస్తుంది. ఆ ముక్కని యూవీ లైటు కింద పెడితే నారింజ రంగులో వెలుగుతుంది. దసరా సెలవుల తర్వాత చేసిన ఏడో నంబరు ముక్క మాత్రం మిగతావాటికి రెండింతలు వెలిగింది. ఆమె గైడు ప్రశాంతి మేడమ్ పట్టలేని సంతోషంతో డిపార్ట్‌మెంటు మొత్తానికి స్వీట్లు పంచింది. దాని మీద పేపరు అచ్చయింది. సైన్స్ డే నాడు ఆ పేపరుకే యూనివర్సిటీ ఉత్తమ పరిశోధన అవార్డు ఇస్తామని కబురొచ్చింది.

"నాన్న ఆ రోజు షాపు మూసేసి వస్తాడంట బాబాయ్. పండక్కి కూడా ఒక్క పూటే మూస్తాడు మా నాన్న" అంది సాబిరా. ఆ ముఖంలో సంతోషం చూసి నా కడుపు నిండిపోయింది.

స్టేజీ మీద చూపించడానికి అలాంటిదే పెద్ద ముక్క ఒకటి చేసి తెమ్మన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. సాబిరా చేసింది. వెలగలేదు. మళ్ళీ చేసింది. పొడి డబ్బాలు మార్చింది, ఫర్నేసు వేడి మార్చింది. అయిదుసార్లు చేసినా మామూలు వెలుగే. ఫంక్షన్ ఇంకా మూడు రోజులుందనగా స్టూలు మీద కూలబడి నోటుబుక్కు తెరిచింది.

"బాబాయ్, ఏడో నంబరు చేసిన రోజు మనం ఏమన్నా తేడాగా చేశామా? కాస్త గుర్తు తెచ్చుకో" అంటూ తేదీ చదివింది. దసరా వెళ్ళిన మూడో రోజు.

నాకు వెంటనే కల్వం గుర్తొచ్చింది.

ఏటా దసరాకి ల్యాబులో ఆయుధ పూజ చేసేది నేనే. త్రాసుకీ, ఫర్నేసుకీ, కంప్యూటర్లకీ బొట్లు పెడతాను. ఈసారి కల్వానికి కూడా పెట్టాను. ఇంట్లో రోలుకి పెడతాం కదా, ఇదీ రోలే కదా అనుకున్నాను. లోపలంతా పసుపు రాసి కుంకుమ అద్దాను. ఆ రోజు పళ్ళెం పట్టుకుని నా వెనకే తిరిగిందీ, గుగ్గిళ్ళు రెండుసార్లు పెట్టించుకుందీ సాబిరానే. సెలవులయ్యాక ఆ కల్వాన్ని యాసిడ్‌తో కడగాలి. పూజ చేసిన బొట్టు మీద యాసిడ్ పోయడానికి నాకు చేతులు రాలేదు. పొడిగుడ్డతో తుడిచి, కడిగానని చెప్పి ఆ పిల్ల చేతికిచ్చాను.

"ఏం లేదమ్మా, ఎప్పటిలాగే చేశాం" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ల్యాబులో నేనాడిన రెండో అబద్ధం అది. మొదటిది ఆ కల్వం గురించే.

సాయంత్రం ఇంట్లో ముద్ద దిగలేదు. "ఏందయ్యా, పప్పులో ఉప్పు లేదా?" అంది నా భార్య ఆదెమ్మ. అంతా చెప్పేశాను.

"ఆ కుంకుమ నేను కలిపిందే గదయ్యా! పసుపులో పిడుగురాళ్ళ సున్నం వేసి కలిపా. దాంట్లోనే ఏదో ఉండుంటది. నీ పరువు పోద్దని ఆడపిల్లని ఏడిపిస్తా కూర్చుంటావా? ఏం మనిషివయ్యా నువ్వు! పొద్దున్నే పోయి చెప్పు" అని చెడామడా తిట్టింది. తిట్టడంలో నా గురువు ఆదెమ్మే.

పొద్దున్నే పోయి, సున్నం సంగతితో సహా చెప్పాను. తల ఎత్తలేకపోయాను. సాబిరా అరుస్తుందని చూశాను. అరిస్తే బాగుండేది.

"ఆ కుంకుమ ఇంకా ఉందా బాబాయ్?" అంది మెల్లగా.

ఇంటినుంచి తెచ్చిన పొట్లం జేబులోంచి తీసి ఇచ్చాను. మధ్యాహ్నానికల్లా చిటికెడు కుంకుమ కలిపి కొత్త గాజు పోసింది. యూవీ లైటు కింద పెట్టగానే భగ్గుమని వెలిగింది. "బాబాయ్, సున్నం! పసుపు ఎలాగూ కాలిపోతుంది, ఇదంతా సున్నం పనే!" అని చిన్నపిల్లలా ఎగిరింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"అంటే ఇది ఎందుకు వెలిగిందని పేపర్లో మేం రాశామో అది తప్పు" అంది.

"ఎవరికి తెలుసమ్మా? నువ్వూ నేనూ ఆదెమ్మ. ముందు అవార్డు తీసుకో. మీ నాన్న చూడనీ. తర్వాత మెల్లగా చెప్పుకుందాం" అని బతిమాలాను. నిజంగానే చేతులు పట్టుకున్నాను.

"బండి బిగించాక ఒక్క బోల్టు మిగిలినా మా నాన్న మొత్తం మళ్ళీ ఊడదీస్తాడు బాబాయ్. బాగానే నడుస్తోంది గదా అని కస్టమర్ మొత్తుకున్నా వినడు" అని, లేచి మేడమ్ గదిలోకి వెళ్ళింది.

తలుపు దగ్గర నిలబడ్డాను. "నూరేముందు కల్వం నేను చూసుకోవాలి మేడమ్. చూసుకోలేదు. తప్పు నాదే" అంటోంది. నా పేరే ఎత్తలేదు. ఇక ఆగలేక లోపలికి వెళ్ళాను.

"ఆ పిల్ల మాట నమ్మొద్దు మేడమ్. కడక్కుండా కడిగానని చెప్పింది నేను."

మేడమ్ నా వంక తిరిగింది. "జక్కయ్యా, నువ్వా?" అంది. అంతే. నాలుగు తన్నినా అంత బాధ ఉండేది కాదు.

ఆ సాయంత్రమే మేడమూ సాబిరా సంతకాలు పెట్టి, పేపరు అచ్చేసినవాళ్ళకీ యూనివర్సిటీకీ లెటర్లు పంపారు. పేపరు వెనక్కి తీసుకున్నారు. అవార్డూ పోయింది. సున్నం సంగతి మొదటినుంచీ కొలిచి రాయాలంటే ఇంకో ఏడాది పడుతుందంది మేడమ్. "పడనివ్వండి మేడమ్" అంది సాబిరా. తండ్రికి మాత్రం చెప్పలేకపోయింది. ఆ రెండు రోజులూ ఫోన్ చేయడం, ఆయన ఆనందం విని ఏదో ఒకటి మాట్లాడి పెట్టేయడం.

సైన్స్ డే నాడు మొహిద్దీన్ మాచర్ల నుంచి మొదటి బస్సుకే దిగిపోయాడు. కొత్త తెల్లచొక్కా, చేతిలో ఒక కవరుతో నేరుగా ల్యాబుకే వచ్చాడు. అందరూ ఆడిటోరియంలో ఉన్నారు. మైకులో చప్పట్లు ల్యాబు దాకా వినిపిస్తున్నాయి. సాబిరా నోరు తెరవకముందే నేను ముందుకెళ్ళాను.

"భాయ్, నీ కూతురికి రావాల్సింది నా వల్ల పోయింది" అని, బొట్టు దగ్గర మొదలుపెట్టి లెటరు దాకా ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన అంతా విని కూతురివైపు తిరిగాడు.

"నువ్వే పోయి చెప్పావా?"

"ఊ."

"ఎవురూ అడక్కముందే?"

"ఊ, నాన్నా. చానా మంది చూస్తారని చొక్కా కూడా కొత్తది కొనుక్కున్నావు..." అంటూ ఏడ్చేసింది.

మొహిద్దీన్ కవరులోంచి గులాబీల దండ తీసి కూతురి మెడలో వేశాడు.

"నాన్నా, అవార్డు రాలేదు గదా!"

"అవార్డుకి తెచ్చానా ఏంది దండ? నా కూతురికి తెచ్చా" అన్నాడు. ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "ఫొటో తియ్యన్నా. ఇంటికాడ మీ చెల్లెలు ఎదురుచూస్తా ఉంటది."

తీశాను. సాబిరా వచ్చి ఫోను తీసుకుని చూసింది.

"మొత్తం ఊగిపోయింది బాబాయ్. ముందు కళ్ళు తుడుచుకో. తర్వాత ఇంకోటి తీద్దువుగానీ."