పళ్ల డాక్టరు కింద పిండిమర

అందరూ మరాయన అని పిలిచే పిండిమర యజమానికి, కోర్టు నోటీసు అందిన రోజే కుడి దవడ పన్ను సలపడం మొదలైంది. నోటీసు పంపింది పై అంతస్తు పళ్ల డాక్టరే. అందుకని చచ్చినా ఆ కుర్చీ ఎక్కనని భీష్మించుకున్నాడు.

మర అదురుకి డాక్టరు చెయ్యి నిలవడం లేదట, మర ఆపించాలట. ముప్పై ఏళ్ల మర. ఆగితే ఇంట్లో పొయ్యి కూడా ఆరిపోతుంది.

లాయరు బావమరిది నింపాదిగా వివరించాడు. ఇది నేరం కాదు, జైలు ఉండదు. పొరుగువాణ్ణి తన చోట తన పని చేసుకోనివ్వకుండా అడ్డుపడటం. దానికో సివిల్ దావా, అంతే.

"ఆయనొచ్చి రెండేళ్లే కదరా. ముందున్నది నేను," అన్నాడు మరాయన.

"ముందున్నంత మాత్రాన వదలరు బావా. మోత వల్ల ఆయనకి నష్టమా కాదా, అదే చూస్తారు."

చూసి రమ్మని కోర్టు ఒక కమిషనరమ్మని పంపింది. అరగంట మర తిరగాలి, అరగంట ఆగాలి. ఆవిడ డాక్టరుగారి రోగుల మధ్య కూర్చుని రాసుకుంటుంది. మరాయన మరని భార్యకి అప్పగించి, బావమరిదిని వెంటబెట్టుకుని, దవడ పట్టుకుని పైకెళ్లాడు.

మర తిరిగింది. బల్ల మీద గ్లాసులో నీళ్లు వణికాయి, కిటికీ అద్దాలు టకటకలాడాయి. ఆవిడ పేజీ నిండా రాసింది. వరసగా కూర్చున్న ఐదుగురు రోగులు మాత్రం హాయిగా కునుకు తీస్తున్నారు.

మర ఆగింది.

తలుపు అవతల జుయ్‌మని చప్పుడు. తర్వాత ఎవరిదో మూలుగు. దాని వెనకే డాక్టరు గొంతు: "కదలకండి. సగం ఊడింది, మిగతా సగం ఎక్కడుందో చూస్తున్నా."

ఐదుగురికీ ఒకేసారి మెలకువ వచ్చింది. ఒకాయనకి పొయ్యి మీద పెట్టిన పాలు గుర్తొచ్చాయి. ఒకావిడకి నొప్పే తగ్గిపోయింది. మిగతావాళ్లు కారణం కూడా చెప్పలేదు. కమిషనరమ్మ తన బుగ్గ తడుముకుని, మోత ఉన్నప్పుడు రోగులు ఐదుగురు, లేనప్పుడు సున్నా అని రాసుకుంది.

బయటికొచ్చిన డాక్టరు ఖాళీ కుర్చీలకేసి చూశాడు. రెండేళ్లుగా తనని ఎవరు నిలబెడుతున్నారో అప్పటికి అర్థమైంది.

"దావా వెనక్కి తీసుకుంటాను," అన్నాడు గొంతు తగ్గించి. "మీరు మాత్రం మర ఆపకండి. కుర్చీ కింద రబ్బరు దిమ్మలు నేనే వేయించుకుంటాను."

మరాయన హమ్మయ్య అని గాలి పీల్చాడు. ఆ గాలి తగిలి పన్ను జివ్వుమంది. దావా పోయాక ఇక పంతమెందుకని లోపలికెళ్లి కుర్చీ ఎక్కాడు. డాక్టరు పట్టకారు తీశాడు.

"ఒక్క నిమిషం డాక్టరుగారూ," అని లేచి, కిటికీలోంచి కిందికి వంగి భార్యని పిలిచాడు. మర వెయ్యమన్నాడు.

ఆడించడానికి గుప్పెడు గింజలు కూడా లేవని ఆవిడ జవాబు.

"ఉత్తదే తిప్పవే," అన్నాడు మరాయన. "బయట మీ తమ్ముడు కూర్చున్నాడు."