ఇనప గజ్జెలు, ఇంగువ వాసన

నేను ఒక మసిగుడ్డను. ముఖం అలా పెట్టకండి, పుట్టుకతో కాదు. పుట్టినప్పుడు నిగనిగలాడే నల్ల టీ షర్టును. తిరుప్పూరు బనీన్ల ఫ్యాక్టరీలో నాతోటివాళ్ళకి పువ్వులూ పిల్లిబొమ్మలూ పడ్డాయి. నా ఛాతీ మీద మాత్రం మంటల్లో ఎగురుతున్న ఒక గజ్జెను అచ్చేసి, కింద 'ఇనప గజ్జెలు' అని రాశారు. అది కాకినాడ కుర్రాళ్ళు నలుగురు పెట్టుకున్న రాక్ బ్యాండు పేరు.

వాళ్ళ మొదటి కచేరీ కాలేజీ మైదానంలో జరిగింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న సువర్చల అక్కడే నన్ను కొని, చుడీదార్ మీదే తొడుక్కుని గెంతింది. తీరా ఆఖరి పాట 'ఆగనంటే ఆగను' మొదలుపెట్టబోతుంటే హాస్టల్ వార్డెన్ వచ్చి, ఆడపిల్లల్ని కోడిపిల్లల్లా తోలుకుపోయింది. గేటు దాటుతుండగా డ్రమ్ము మీద మొదటి దెబ్బ వినపడింది. అంతే. రెండో దెబ్బ ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక ఆ పిల్లకి అలా ఉండిపోయింది.

పట్టుచీరల అడుగున దాక్కుని ఆమెతోబాటు నేనూ కాపురానికొచ్చాను. అత్తగారు మాణిక్యాంబగారి లెక్కలో బట్టకి నాలుగు ఆశ్రమాలు: ఊళ్ళోకి కట్టేది, ఇంట్లో కట్టేది, నిద్రకి కట్టేది, మసిగుడ్డ. నాకు మొదటి మూడూ దాటించి ఏకంగా సన్యాసం ఇప్పించారు.

"బనీను గుడ్డ నీళ్ళు బాగా పీలుస్తుందే అమ్మాయ్" అంటూ కత్తెర తీసి, చేతులతో సహా నన్ను ముందూ వెనకా వేరుచేశారు. కొత్త కోడలు "అవునండీ అత్తయ్యగారూ" అంది. బొమ్మ ఉన్న ముందుభాగం వంటింటి మేకుకెక్కింది. వీపు ఆవిడ కొడుకు వీరభద్రం స్కూటర్ డిక్కీలోకి పోయింది. మీ ముందూ వెనకా ఒకేచోట ఉంటాయి కాబట్టి మీకు నా బాధ అర్థం కాదు.

ఇరవై ఏళ్ళు పప్పులు దించాను, పాలు పొంగితే తుడిచాను. సువర్చల మాత్రం రోజూ పోపు పెడుతూ కుక్కర్ మూత మీద గరిటెతో ఒక్క దెబ్బ కొట్టేది. రెండోది కొట్టేది కాదు.

ఈ ఏడు సముద్రపొడ్డు సంబరాల్లో ఇనప గజ్జెలు మళ్ళీ మోగుతాయని ఫోనులో కబురొచ్చింది. మొదటి కచేరీ టీ షర్టు వేసుకొచ్చినవాళ్ళని ఆఖరి పాటకి వేదిక ఎక్కిస్తారట. అప్పుడే కుక్కర్ దించబోతున్న సువర్చల, దాన్ని అలాగే పట్టుకుని నావైపు చూస్తూ నిలబడిపోయింది. ఆమెకేం, కాలుతున్నది నాకు.

"ఏవండీ, మీ స్కూటర్ గుడ్డ కావాలి."

"దేనికి?" అన్నాడు వీరభద్రం.

"వేసుకోడానికి."

అతను తల్లివైపు చూశాడు. ఆవిడ నావైపు చూశారు. సంగతి తెలిశాక మాణిక్యాంబగారికి కోపమే వచ్చింది.

"అంత ఇష్టమైతే ఆ రోజే నోరు విప్పొచ్చు కదే!"

"ఆ రోజు కత్తెర మీ చేతిలో ఉందండీ."

ఆవిడ వెళ్ళి కుట్టుమిషను మీద గుడ్డ తీశారు. ఇంజను ఆయిల్ కంపుతో నా వీపు వచ్చింది. ఇంగువ వాసనతో నేనెదురెళ్ళాను. కానీ మేమిద్దరం సువర్చల చుట్టూ కలుసుకోలేకపోయాం. ఆమె కొంత విస్తరించింది, మేం కొంత కుంచించుకుపోయాం. మాణిక్యాంబగారు తన పాత ఉప్పాడ చీర అంచు చించి, చెరో పక్కనా అతికి కుట్టారు. జరీ పక్కలున్న రాక్ చొక్కాని ప్రపంచంలో నేనొక్కదాన్నే అనుకుంటాను.

సంబరాల సాయంత్రం ఇసక మీద జనం, బజ్జీల పొగ, రంగుల రాట్నాలు. మాణిక్యాంబగారు బజ్జీల కోసం వచ్చానన్నారు. వేదిక మెట్ల దగ్గర వాకీటాకీ పెద్దమనిషి నన్ను వేలితో ఎత్తి చూశాడు.

"ఇదేంటి మేడమ్, టీ షర్టా, మసిగుడ్డా?"

వెనకున్నవాళ్ళు ఫక్కున నవ్వారు. సువర్చల ముఖం వాడిపోయింది. ఒక మెట్టు దిగింది కూడా. వెనక నుంచి అత్తగారి చెయ్యి ఆమె నడుముకి అడ్డం పడింది.

"రెండూనండి. ఇరవై ఏళ్ళు మా వంటింట్లో ఉంటే మీరైనా అంతే. గజ్జె ఉందా లేదా చూస్కోండి ముందు."

పసుపు మరకల మధ్య గజ్జె ఉంది. బొమ్మలో మంటకి తోడు అసలు మంట తగిలి అంచు కూడా కమిలింది. అతను పక్కకి తప్పుకున్నాడు.

డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది. సువర్చల ఊపిరి బిగబట్టడం నాకు తెలిసింది, కుట్లు పటపటమన్నాయి. వెంటనే రెండో దెబ్బ పడింది. ఇక ఆమె కాళ్ళు ఇసకలో లేవు, వేదిక మీదా లేవు. బొజ్జ వచ్చిన గాయకుడు పక్కన చేరి, పాట మధ్యలో ముక్కు ఎగబీల్చాడు.

"ఇంగువ వాసన ఎక్కణ్ణుంచండీ?"

"నా టీ షర్టండీ" అని అరిచి, చరణం అందుకుంది.

ఇప్పుడు నా కాపురం బీరువాలో, మళ్ళీ పట్టుచీరల మధ్య. ఉతికినా ఇంగువ వాసన పోలేదు. పోగొట్టాలని ఆమే గట్టిగా ప్రయత్నించలేదు. నా మేకు మీద వీరభద్రం ఆఫీసు క్రికెట్ టీ షర్టు వేలాడుతోంది. ఈసారి మాణిక్యాంబగారు పద్ధతిగా "ఇది నీకిష్టమా నాయనా?" అని అడిగారట. అతను ఆలోచించేలోగా కత్తెర పని కానిచ్చేసింది.

వంటింట్లో కుక్కర్ కూస్తే ఇప్పటికీ నా చేతులు లేస్తాయి. దించడానికో, గెంతడానికో నాకే తెలియదు.