నాలుగు కొక్కేల లంగరు

నేను ఒక లంగరును. విశాఖపట్నంలో ఒక కొలిమిలో నాలుగు కొక్కేలతో పుట్టాను. రాళ్ల సందుల్లో ఒక్క కొక్కెం చిక్కుకుంటే చాలు, పడవను కదలనివ్వను. బురదలో మాత్రం ఒట్టి ఇనుప ముద్దను. ఆ సంగతి దుకాణంవాడు కూడా దాచలేదు.

నన్ను కొన్నది భీమిలి సంగాడి ధర్మయ్య. సరుకు ఓడల్లో ఇంజన్ల దగ్గర బతుకంతా గడిపి, రిటైరయ్యాక ఒక పాత తెరచాప పడవ కొనుక్కున్నాడు. భార్య పోలమ్మతో తీరం వెంబడి దక్షిణానికి పోవాలని ఆయన సరదా. దుకాణంలో నా పక్కనే వెడల్పాటి రెక్కతో, పారలాంటి లంగరు ఒకటుండేది. అది బురదలోకి దిగబడి కూర్చుంటుంది. గోదావరి వైపు అడుగంతా బురదే, అది కొందామని పోలమ్మ అంది. ఆమె పుట్టిల్లు ఆ వైపునే ఉన్న కోరంగి. ధర్మయ్య వినలేదు. తాత, తండ్రి నాలుగు కొక్కేల లంగరుతోనే భీమిలి రాళ్ల మీద బతికారట. మనుషులు వెళ్లే చోటు చూసి కాదు, పుట్టిన చోటు చూసి లంగరు కొంటారు. నాకు నవ్వొచ్చింది. నన్నే ఎంచుకున్నందుకు గర్వమూ కలిగింది, అబద్ధమెందుకు.

పోలమ్మ నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. భీమిలి దగ్గర నీళ్లలో వేసి చూస్తే రాయిని గట్టిగా పట్టాను. ధర్మయ్య మీసం దువ్వుకున్నాడు.

గోదావరి సముద్రంలో కలిసేచోట గాలి తిరగబడింది. పడవను ఇసుక మేట మీదికి తోస్తోంది. వెనక చుక్కాని దగ్గర ధర్మయ్య, ముందు నా గొలుసు దగ్గర పోలమ్మ. ఆమె నన్ను వదిలింది. మెత్తటి బురదలో పడ్డాను.

"ఒలే, పట్టిందేటి?" అని ఆయన కేకేశాడు.

"పడింది మావా," అని ఆమె గొంతు చించుకుంది.

నీళ్లలో పడిందనే ఆమె చెప్పింది. ఆ గాలిలో ఆయనకు పట్టింది అని వినబడింది. వినాలనుకున్నదీ అదే.

నిశ్చింతగా తెరచాప దించేశాడు. అది ఉంటే పడవను సముద్రం వైపు తిప్పుకోగలిగేవాడు. నేను బురదను దున్నుకుంటూ జారిపోయాను. ఒక్క రాయి, ఒక్క రాయి తగిలితే చాలని అల్లాడిపోయాను. ఆయనకు తెలిసి మళ్లీ చాప ఎత్తబోయేసరికి పడవ మేట ఎక్కి ఒరిగింది. పోలమ్మను జాలర్లు బయటికి లాగారు. ధర్మయ్య శవం తర్వాత దొరికింది.

గొలుసుతో పాటు నేనూ దొరికాను. పాత ఇనుముకి అమ్మేయమని అందరూ చెప్పినా పోలమ్మ నన్ను భీమిలికే తెచ్చుకుంది. పెరట్లో నేల గట్టిది. నా కొక్కేలు దిగేసి మేకను కట్టేస్తోంది. అది ఎంత గుంజినా నేను కదలను. ఇక్కడ కదలకపోతే ఎవరికి కావాలి?

మేకను కట్టాక ఆమె తాడు లాగి చూస్తుంది. ఇంకోసారి లాగుతుంది. ఎవరూ లేని ఆ పెరట్లో, ప్రతి అక్షరాన్నీ ఒత్తి పలుకుతుంది.

"పట్టింది మావా."