పాసైన హోటల్లో భోజనం

ఆ ల్యాబులో ఒక ఆచారం ఉంది. శుక్రవారం మధ్యాహ్నం నలుగురూ కలిసి బయట భోంచేస్తారు. అది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, ఆ వారం తాము పరీక్ష చేసి పాస్ చేసిన హోటల్లోనే. ఊళ్లో హోటళ్ల నుంచి తిండి నమూనాలు తెచ్చి, క్రిములున్నాయో లేవో చూసి కాగితం ఇవ్వడం వాళ్ల పని. పన్నెండేళ్ల క్రితం పెద్దసారు ఆ ల్యాబుకి అధికారిగా వచ్చిన మొదటి వారమే ఈ పద్ధతి పెట్టాడు. "మనం నోట్లో పెట్టుకోలేనిది ఊరిని తినమని కాగితం ఎలా ఇస్తామయ్యా?" అన్నాడు. మాట బాగానే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కరికీ కడుపునొప్పి రాలేదు కాబట్టి అందరూ బాగుందనే అంటూ వచ్చారు.

నమూనాలు తెచ్చే పెద్దాయన్ని అందరూ బాబాయి అంటారు, ఆయన కంటే వయసులో పెద్దవాడైన పెద్దసారు కూడా. రిపోర్టులు టైపు చేసే అమ్మాయికి నోరు ఒక్క క్షణం ఊరుకోదు కనుక పిచ్చుక అని పేరు పడింది. పిచ్చుకకి ఇప్పుడు ఏడో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. అందుకే ఈసారి ఆమె మెట్లెక్కినా, తుమ్మినా ల్యాబంతా ఊపిరి బిగబట్టుకుంటుంది.

ఇక నాలుగో మనిషి, పరీక్షలు చేసే ఆవిడ. ఆమెను భూతద్దం అంటారు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే మనిషి. ఇంట్లో ఉప్పుడబ్బా మీద కూడా ఉప్పు అని చీటీ అంటించుకునే రకం. అలాంటివాళ్లు తప్పు చెయ్యరని లోకానికి ఒక నమ్మకం. ఆ నమ్మకంతో వచ్చిన చిక్కేమిటంటే, అలాంటివాళ్లు చేసే తప్పును ఎవరూ మళ్లీ సరిచూడరు.

ఆ శుక్రవారం మార్కెట్ వెనక సందులో ఉన్న హోటల్‌కి వెళ్లారు. పది బల్లలు, అప్పుడే తుడిచిన తడి నేల, టకటకమంటూ తిరిగే ఫ్యాను. గల్లాపెట్టె వెనక గోడ మీద ల్యాబు ఇచ్చిన కాగితం అద్దం కట్టి తగిలించారు. కాగితం వచ్చి రెండు రోజులైనా కాలేదు, అప్పుడే దానికో పూలదండ కూడా వేశారు. కింద భూతద్దం సంతకం. అది చూసి బాబాయి ఊరుకుంటాడా? "అమ్మాయ్, నీకు బతికుండగానే దండ పడింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అదే ఆ రోజుకి ఆమె ఆఖరి నవ్వు.

వడ్డించే మనిషి మూతలున్న రెండు గిన్నెలు తెచ్చి పెట్టాడు. ఒక కూర కారంగా, రెండోది పిచ్చుక కోసం చప్పగా చేయించారు. ఏది ఏదో తెలియడానికి చప్పటి కూర గిన్నె మూత మీద చిన్న కాగితం ముక్క పెట్టారు. అతను రెండు మూతలూ ఒకేసారి తీసి, పొగలు పోయాక చటుక్కున మళ్లీ పెట్టి వెళ్లిపోయాడు. అజీర్తి మనిషి కదా, బాబాయి కాగితం ముక్క ఉన్న గిన్నెలోంచి రెండు గరిటెలు వడ్డించుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు కారిపోయాయి.

"ఏమయ్యోయ్! మూతలు మార్చేసి పోయావు! నా నోరు మంటెక్కిపోయింది!" అని కేకేశాడు.

పిచ్చుక పొట్ట పట్టుకుని నవ్వింది. పెద్దసారు నీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. భూతద్దం మాత్రం ఆ మూతల వంకే చూస్తూ కూర్చుంది. తను పెట్టిన మూతలు గుర్తొచ్చాయి.

సోమవారం ఉదయం. రెండు హోటళ్ల నుంచి చల్లటి సలాడ్ నమూనాలు వచ్చాయి. ఒకటి ఈ హోటల్‌ది, ఒకటి వంతెన దగ్గర హోటల్‌ది. మూతలున్న రెండు చిన్న గాజు పళ్లేల్లో నమూనా వేసి, క్రిములు పెరగడానికి చల్లారితే గట్టిపడే ద్రవం పోసి పెట్టాలి. పొయ్యకముందే పళ్లెం అడుగున నంబరు రాయాలి, మూత మీద కాదు. మూతలు మారతాయి, అడుగులు మారవు. పనిలో చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజు ఆమె చెప్పే మొదటి పాఠం అది. ఆ రోజు ఆమె మర్చిపోయి ముందే పోసేసింది. పోశాక గట్టిపడేదాకా తిరగెయ్యడానికి లేదు. సరే, ఇప్పటికి మూత మీద రాద్దాం, గట్టిపడ్డాక అడుగున రాసుకోవచ్చు అనుకుంది. ఇంతలో ఇంటి నుంచి అత్తగారి ఫోను. కళ్లజోడు కనబడటం లేదట. "మీ నెత్తి మీద చూసుకోండత్తయ్యా" అంటూనే, గట్టిపడ్డాయో లేదోనని ఒక చేత్తో రెండు మూతలూ ఎత్తి చూసింది. కళ్లజోడు నెత్తి మీదే ఉందట. నవ్వుకుంటూ మూతలు పెట్టేసి, వాటి మీది నంబర్లు చూసి అడుగున ఎక్కించింది.

ఏ మూత దేని మీద పెట్టింది? ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా గుర్తు రావడం లేదు. నవ్వు గుర్తుంది, అత్తగారి గొంతు గుర్తుంది, చెయ్యి మాత్రం గుర్తు లేదు.

బుధవారానికి ఒక పళ్లెంలో క్రిములు పెరిగాయి. నంబరు ప్రకారం అది వంతెన దగ్గర హోటల్. దాన్ని ఆ రోజే మూయించారు. ఆ యజమాని ల్యాబు గేటు దగ్గరకు వచ్చి, "అమ్మా, మా వంటిల్లు నేనే కడుక్కుంటానమ్మా, ఇంకోసారి చూడండి" అని చేతులు జోడించాడు. "నమూనా అబద్ధం చెప్పదండీ" అని లోపలికి వెళ్లిపోయింది ఈ మహాతల్లి.

అవి మామూలు క్రిములైతే ఇంత భయం ఉండేది కాదు. పెద్దవాళ్లకు రెండు రోజులు విరేచనాలు, జ్వరం, అంతే. కడుపుతో ఉన్నవాళ్ల సంగతి వేరు. తల్లికి కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, లోపలి బిడ్డ మిగలకపోవచ్చు. వేడివేడి కూరలో అవి చచ్చిపోతాయి, చల్లటి తిండిలో బతుకుతాయి. ఈ సంగతి ఆ బల్ల దగ్గర అందరికంటే బాగా తెలిసింది ఆమెకే.

"సార్," అంది భూతద్దం. "ఇక్కడ మరీ ఉక్కగా ఉంది. ఇంకెక్కడికైనా పోదామా?"

"వడ్డించాక లేస్తే బాగుండదమ్మా," అన్నాడు పెద్దసారు.

"అక్కకి ఉక్క పోస్తోందంట! ఫ్యాను నెత్తి మీదే ఉంది," అంది పిచ్చుక. తర్వాత వడ్డించే మనిషిని పిలిచింది. "సలాడ్ తెస్తారా? పుల్లగా ఉంటుంది కదా, అది లేకపోతే నాకు ముద్ద దిగదు."

నిజం చెప్పేస్తే ఒక్క ముక్కలో పోయేది. కానీ ఆ ముక్క చెబితే భూతద్దం అనే పేరు పోతుంది, పన్నెండేళ్ల నమ్మకం పోతుంది, అన్యాయంగా మూయించిన హోటల్ కథ బయటికొస్తుంది, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. పైగా ఏమో, మూతలు మారలేదేమో! సగానికి సగం అవకాశం ఉంది కదా అని మనసు ఒక పక్క నుంచి గుసగుసలాడింది. భయపడ్డ మనసుకి లెక్కలు బాగా వస్తాయి.

సలాడ్ వచ్చింది. కీరా ముక్కలు, పైన తెల్లటి మీగడ, గిన్నె బయట చల్లదనానికి చెమట పట్టింది. పిచ్చుక చెంచా అందుకునేలోపు భూతద్దం గిన్నె తన వైపు లాక్కుంది. తినడం మొదలుపెట్టింది. రుచి తెలియలేదు. ముక్క దిగినప్పుడల్లా తన కడుపులోకి ఏం పోతోందో కళ్లకు కట్టినట్టు కనిపించింది. గిన్నె అడుగు కనిపించేదాకా తింది.

బాబాయి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. "ఏంటమ్మాయ్, కడుపుతో ఉంది నువ్వా, ఆ పిల్లా?"

పిచ్చుక ముఖం చిన్నబోయింది. "పోన్లే బాబాయ్, అక్కకి ఆకలేసిందేమో," అంది గానీ కళ్లు ఖాళీ గిన్నె మీదే ఉన్నాయి.

పెద్దసారుకి జాలేసింది. "ఇంకో గిన్నె తీసుకురావయ్యా, ఈ అమ్మాయి ముందే పెట్టు" అన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎన్ని గిన్నెలని తింటుంది? తలెత్తి చూస్తే పక్క బల్ల దగ్గర ఒక తల్లి చంటిదాని నోట్లో కీరా ముక్క పెడుతోంది. అవతల ముసలాయన గిన్నె అడుగున మిగిలిన మీగడ వేలితో నాకుతున్నాడు. గోడ మీద దండ వేసిన కాగితం, దాని కింద తన సంతకం. ఆ కాగితాన్ని నమ్మి తింటున్నారు వీళ్లంతా.

రెండో గిన్నె పిచ్చుక ముందు దిగింది. పిచ్చుక ఈసారి ఆలస్యం చెయ్యలేదు. నిండుగా చెంచా ముంచి, అక్క వైపు అల్లరిగా చూస్తూ నోటిదాకా తీసుకెళ్లింది.

భూతద్దం చెయ్యి విసిరింది. చెంచా ఎగిరి గోడకు తగిలి కిందపడింది. మీగడ బాబాయి చొక్కా మీద చిందింది. హోటలంతా ఒక్కసారిగా ఇటు తిరిగింది.

"తినకు," అంది. "మూతలు మారాయి. సోమవారం. మూత మీద రాశాను నేను. ఈ హోటల్ పాసైందో లేదో నాకు తెలియదు. సార్, నాకు తెలియదు సార్!"

పెద్దసారు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఏడుపు మధ్య ముక్కలు ముక్కలుగా ఆమె చెప్పిందంతా విన్నాడు. తిట్టలేదు. దానికే ఆమెకు ఎక్కువ భయమేసింది. లేచి చెయ్యి కడుక్కుని, గల్లాపెట్టె దగ్గరకు వెళ్లి యజమానితో మెల్లగా మాట్లాడాడు. యజమాని మొదట గోడ మీది కాగితాన్ని చూపించాడు, తర్వాత అతని ముఖం పాలిపోయింది. వడ్డించే మనిషి బల్లబల్లకీ వెళ్లి సలాడ్ గిన్నెలు తీసెయ్యడం మొదలుపెట్టాడు. చంటిదాని తల్లి ఎందుకని గట్టిగా అడుగుతోంది.

పెద్దసారు తిరిగొచ్చి నిలబడ్డాడు. "బాబాయ్, ల్యాబుకి పద. రెండు నమూనాల్లోనూ మిగిలింది ఫ్రిజ్‌లో ఉంది కదా, అడుగున నంబరు రాసి మళ్లీ పెడదాం. గిన్నెడు సలాడ్ తిన్నావు, నువ్వు ఆసుపత్రికి పోమ్మా," అన్నాడు భూతద్దంతో, ఆమె కళ్లలోకి చూడకుండా. తర్వాత పిచ్చుక వైపు తిరిగి ఊపిరి పీల్చుకున్నాడు. "నీ అదృష్టం గట్టిదమ్మా. చెంచా నోటిదాకా వచ్చి ఆగింది. దేవుడు చల్లగా చూశాడు."

పొద్దున్నుంచి ఆగని పిచ్చుక నోరు ఆగింది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని తన ఒళ్లోకి చూసుకుంది.

"అక్కా," అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "బుధవారం సాయంత్రం మా ఆయనతో ఇక్కడికే వచ్చాను. సలాడ్ రెండు గిన్నెలు తిన్నాను."

భూతద్దం గోడ మీది కాగితం వంక చూసింది.

"రిపోర్టు టైపు చేసింది నేనే కదక్కా. నువ్వు పాస్ చేశావంటే ఇంక చూసుకునేదేముందిలే అనుకున్నా."

లేవడానికి ఎప్పటిలాగే అక్క వైపు చెయ్యి చాపింది. భూతద్దం ఆ చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది.