వెనకాల వింటున్నది

"మేడం, మీ కంప్యూటర్లో ఇంకేదో మైకు వాడుతోంది. అది ఆగితే గానీ పేపరు తెరుచుకోదు," అన్నాడు తెర మీది పర్యవేక్షకుడు.

ఆమె గడియారం చూసింది. టైము తొమ్మిదీ నలభై. పరీక్ష పదింటికి. ఆసుపత్రి రక్తనిధిలో పదకొండేళ్ళుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్న మనిషికి పై మెట్టు ఎక్కాలంటే ఈ పరీక్ష ఒక్కటే దారి. అది ఏడాదికి ఒక్కసారే పెడతారు. పోయినేడు జ్వరం వచ్చి రాయలేకపోయింది, అంతకు ముందేడు మూడు మార్కుల్లో పోయింది. ఈసారి సెలవు పెట్టి, ఎప్పుడూ హాల్లో ఉండే లాప్‌టాప్‌ను పొద్దున్నే పడకగదిలోకి తెచ్చుకుని, ఫోను బయట పెట్టేసి, గది నాలుగు మూలలూ కెమెరాకు చూపించి మరీ కూర్చుంది.

"అన్నీ మూసేశానండీ. ఇంకేం లేవు," అంది.

"పైకి కనబడేవి మూశారు మేడం. వెనకాల నడిచేవి ఉంటాయి. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. పదీ పది దాటితే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు."

తెరిచింది. బారెడు జాబితా. ప్రింటరుది ఒకటి, పాటలది ఒకటి, ఎప్పుడో ఫొటోల కోసం వేసుకుని మరిచిపోయినది ఒకటి. ఎవరు పిలిచారని వచ్చారో తెలియని చుట్టాల్లా అన్నీ లోపల తిష్ఠ వేసి ఉన్నాయి. తనకు తెలిసినవాటిని ఒక్కొక్కటే ఆపేసింది. చివరికి ఒకటి మిగిలింది. మూడక్షరాల పొట్టి పేరు, పక్కనే చిన్న మైకు గుర్తు. దాన్ని నొక్కి ఆపింది. పోయింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ లేచి కూర్చుంది. మళ్ళీ ఆపింది. మళ్ళీ లేచింది.

"ఇంకా ఉంది మేడం."

"చూస్తున్నానండీ!" గొంతు కీచుమంది.

అది ఎక్కడ దాక్కుందో చూపించమని నొక్కితే ఒక ఫోల్డరు తెరుచుకుంది. నిండా ఫైళ్ళే. ఒక్కోదానికీ ఒక్కో తేదీ. మూడు నెలల నుంచి, రోజుకొకటి. నిన్నటిది తెరిచింది. పెద్ద పెద్ద అక్షరాలు తెర నిండా పరుచుకున్నాయి.

గ్యాసు అయిపోయింది రేపు వస్తుందట. ఆ చొక్కా ఇస్త్రీ చేయలేదా. రేపు నా పరీక్ష గుర్తుందిగా. మీ నాన్నకు వినపడక కాదండీ కావాలనే పలకరు. అంతా మొండితనం. ఎన్నాళ్ళని భరించను.

అవి తన మాటలే. రాత్రి భోజనాల దగ్గర భర్తతో అన్నవి, అన్నవి అన్నట్టే ఉన్నాయి. మూడు నెలలుగా ఈ ఇంట్లో అనుకున్న ప్రతి మాటా ఎవరో రాసి పెట్టుకుంటున్నారు. ఎవరు? ముందు భర్త మీదికే పోయింది మనసు. ఈ మధ్య చీటికీ మాటికీ గొడవలు అవుతున్నాయి. కానీ బస్సు స్టీరింగు తప్ప మరో యంత్రం జోలికి పోని మనిషి, ఫోనులో అలారం పెట్టాలన్నా తననే అడిగే మనిషి, ఇంత పని ఎలా చేస్తాడు? మరి బయటివాడెవడైనా జొరబడ్డాడా? ఇప్పుడు కూడా వింటున్నాడా?

అక్షరాల సైజు వైపు మళ్ళీ చూసింది. అంత లావు అక్షరాలు కావలసిన కళ్ళు ఈ ఇంట్లో ఒక జతే ఉన్నాయి, మామగారివి. రోజూ ఆ లాప్‌టాప్ ముందు గంటల తరబడి కూర్చునేదీ ఆయనే. వార్తలు చూస్తున్నాడు కాబోలు అనుకునేవాళ్ళు.

"సార్, ఒక్క రెండు నిమిషాలు బయటికి వెళ్ళొస్తాను. మా ఇంట్లో మనిషిని అడగాలి."

"వెళ్ళండి. కానీ తిరిగొచ్చాక గది మొత్తం మళ్ళీ చూపించాలి. లోపలికి ఇంకెవరూ రాకూడదు. పదీ రెండయింది మేడం."

హాల్లో మామగారు నేల మీద కూర్చుని, కాలు ఊడిన పీటకు మేకు దిగ్గొడుతున్నాడు. బాయిలర్లు చేసే కర్మాగారంలో ముప్ఫయ్యేళ్ళు ఇనుప రేకులు కొట్టిన చేతులవి. వీధిలో అందరికీ ఆయన బాయిలర్ తాత.

"మామయ్యా!"

ఆయన తిరగలేదు.

"మామయ్యా, మిమ్మల్నే!" ఒళ్ళు మండింది. దగ్గరికి వెళ్ళి, వీపు వెనక నిలబడి, గట్టిగా చప్పట్లు కొట్టింది. మెడ కూడా కదల్లేదు. తాపీగా ఇంకో మేకు నోట్లోంచి తీసుకున్నాడు.

చప్పట్లకు పైకెత్తిన ఆమె చేతులు అలాగే ఉండిపోయాయి. కాస్త తగ్గిందనుకున్నారు గానీ, ఇలా బొత్తిగా పోయిందని ఎవరూ అనుకోలేదు.

మెల్లగా భుజం తట్టింది. ఆయన ఉలిక్కిపడి చూశాడు. ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా, ఒక్కో మాటా విడదీసి అడిగింది. "కంప్యూటర్లో మాటలన్నీ రాసే యాప్. మీదేనా?"

ఏదో అనబోయి, ఆమె కళ్ళల్లో తొందర చూసి ఆగాడు.

"పరీక్షకు అడ్డం పడిందా?"

తలూపింది.

"ఆపితే ఆగదమ్మాయ్, మళ్ళీ లేస్తుంది. మధ్యలో నిద్రపోతోందని నేనే అలా పెట్టాను. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, యాప్‌లలో దాని పేరు పట్టుకో. వెనకాల నడవడానికి 'ఎప్పుడూ' అని ఉంటుంది, అది 'వద్దు' చెయ్యి. కంప్యూటర్ తెరవగానే లేచే వాటిలోనూ ఉంటుంది, అక్కడా తీసెయ్యి. ఆ రెండూ అయ్యాకే ఆపు. పరిగెత్తు!"

పరిగెత్తింది. పదీ అయిదు. సెట్టింగ్స్, యాప్‌లు. పేరు దొరకడానికే అర నిమిషం పట్టింది. తొందరలో బాణం గుర్తు పక్కకు జారింది. వెనకాల నడవొద్దు. తెరవగానే లేవొద్దు. ఇప్పుడు ఆపు. జాబితాలోంచి పోయింది. అయిదు లెక్కపెట్టింది. లేవలేదు. లాప్‌టాప్ ఎత్తి మంచం కిందా, తలుపు వెనకా మళ్ళీ చూపించింది.

"సరిపోయింది మేడం. మొదలుపెట్టండి." పదీ ఎనిమిది.

మొదటి ప్రశ్నను మూడుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. ఎన్నాళ్ళని భరించను అన్న మాటే అక్షరాలకు అడ్డం వస్తోంది. ఆయన అది చదివే ఉంటాడు. కళ్ళు గట్టిగా మూసి తెరిచి, ముందు రక్తం గ్రూపుల ప్రశ్నల్లోకి దిగింది. అవి నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అక్కణ్ణించి బండి దారిలో పడింది.

పన్నెండున్నరకు బయటికొచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"వినపడట్లేదని చెప్పొచ్చు కదా మామయ్యా?"

ఆయన సుత్తిని అటూ ఇటూ తిప్పాడు. "చెబితే ఏమవుతుందో మా ఫ్యాక్టరీలో చూశానమ్మా. చెవిటివాడితో అవసరమైనవే అరిచి చెబుతారు. గ్యాసు అయిపోయిందనీ, చొక్కా ఇస్త్రీ కాలేదనీ ఎవరూ చెప్పరు. నాకు అవే కావాలి. వినికిడి పరీక్షలు చేసే ఆవిడ ఈ యాప్ వేసుకోమంది. మైకు పెట్టినట్టు మీకు చెప్పకపోవడం నా తప్పే."

"నిన్నటిది చదివారా?"

"చదివాను." సుత్తి పక్కన పెట్టాడు. "అది ఒక్కోసారి తప్పు రాస్తుంది. అదీ తప్పే అయ్యుంటుందిలే అనుకున్నా."

తలూపేస్తే సరిపోయేది. ఆమె ఊపలేదు. "తప్పు రాయలేదు మామయ్యా. అన్నాను. తెలియక అన్నాను, కానీ అన్నాను. నన్ను క్షమించండి."

ఆయన నవ్వాడు. "మొండితనం అన్నావే, అదొక్కటీ నిజమే."

ఇద్దరూ కూర్చుని ఆ పాత ఫైళ్ళన్నీ తుడిచేశారు. యాప్‌ను మాత్రం ఉంచారు. దానంతటదే లేవకుండా, హాల్లో అందరికీ తెలిసి, ఆయన నొక్కినప్పుడే నడిచేలా పెట్టారు. సాయంత్రం డ్యూటీ దిగొచ్చిన భర్త సంగతంతా విని, వెళ్ళి తండ్రికి ఎదురుగా కుర్చీ లాక్కుని, ఆ రోజు బస్సులో ఇద్దరు ప్రయాణికులు కిటికీ సీటు కోసం పడ్డ తగువు మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఆయన కడుపుబ్బ నవ్వాడు.

నెల తిరక్కుండా ఫలితాలొచ్చాయి. ఆమె గట్టెక్కింది, అదీ అత్తెసరు మార్కులతో. ఆ వారమే మామగారిని వెంటబెట్టుకుని వినికిడి పరీక్షకు వెళ్ళింది. చెవికి మిషను పెట్టుకోనంటే పెట్టుకోనని దారి పొడవునా ఆయన వాదించాడు. ఆమె ఆయన వైపు తిరిగి, పెదాలు కనబడేలా, ప్రతి మాటకూ జవాబు చెబుతూనే నడిచింది.