తీసిన పొర

అయినా కంట్లోంచి తీసిన పొరని మళ్లీ మనిషికే అప్పజెప్పాలన్న నిబంధన ఎవరు పెట్టి ఉంటారు, క్షవరం చేసినవాడు జుట్టు పొట్లం కట్టి చేతిలో పెడతాడా, అనుకుంటూనే త్రినాథ్ కాగితం మీద సంతకం చేస్తాడు.

లేజర్ గదిలో పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆకుపచ్చ చుక్కనే చూడమన్నారు, చూశాడు. ఇప్పుడు నర్సు బల్ల మీద చిన్న గాజుసీసా పెడుతుంది. లోపల ఉప్పునీళ్లలో రెండు పొరలు తేలుతున్నాయి, ఉల్లిపొర కంటే పల్చగా. ఏడో తరగతిలో కళ్లజోడు వచ్చిన రోజు నుంచి ఈ ఉదయం దాకా అతను చూసినదంతా వాటిలో ఉంటుందని చెబుతుంది.

"ఫ్రిజ్‌లో పెట్టుకోండి సార్. పైన ఐసు గడ్డకట్టే చోట కాదు, తలుపు అరలో."

"పారేస్తేనో?"

"మీరు చూసినవి కదండీ. మున్సిపాలిటీ వాళ్లు తీసుకోరు."

తీరా చూస్తే సీసా పేషెంటు చేతికే ఇవ్వకూడదట, వెంట వచ్చినవాళ్లకే ఇవ్వాలట. భార్య హైమ చెయ్యి చాపి తీసుకుంటుంది. కొంగు చివర ముడివేసి బొడ్లో దోపుకుంటుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే త్రినాథ్ చచ్చినా ఆపరేషన్‌కి ఒప్పుకునేవాడు కాదు.

ఆరేళ్ల కిందట, వేరే ఆసుపత్రిలో, రెండో అంతస్తు వరండాలో ఒక ఆయమ్మ తెల్లగుడ్డలో చుట్టిన పాపని తెచ్చి అతని ఎదుట నిలబడింది. పాప ఏడవలేదు. లోపలే పోయిందని అప్పటికే చెప్పారు. హైమ మత్తులో ఉంది. తల్లికి చూపిస్తే మనసు అక్కడే ఉండిపోతుందని పెద్దవాళ్లు చూపించనివ్వలేదు. తండ్రి ఒక్కడు చూస్తే చాలన్నారు. ఆయమ్మ గుడ్డ అంచు పక్కకు తీస్తుండగా త్రినాథ్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. తుడవడం ముగిసేసరికి వరండాలో ఎవరూ లేరు. పవరు మైనస్ ఏడున్నర. తెల్లటి మరక ఒకటి వచ్చి వెళ్లిందని మాత్రం అతని కంటికి తెలుసు.

మెలకువ రాగానే హైమ అడిగింది, "ఎవరి పోలిక?"

"నీ పోలికే," అన్నాడు.

తర్వాత కోటేరు ముక్కు అన్నాడు. గడ్డం మీద నొక్కు ఉందన్నాడు. అడిగినప్పుడల్లా ఇంకొంచెం చెప్పాడు. ఆరేళ్లుగా హైమ ఆ ముఖాన్ని చూసుకుంటూనే నిద్రపోతోంది.

ఇంట్లో వారం పాటు తలకి నీళ్లు తగలకూడదు. నల్లద్దాలు తీయకూడదు. గంటగంటకీ చుక్కల మందు. హైమ అతని తల ఒళ్లో పెట్టుకుని, "పైకి చూడండి," అంటుంది. ఆమె ముఖం తలకిందులుగా కనిపిస్తుంది. చాలా ఏళ్లుగా ఆమె ఒళ్లో అతను తల పెట్టలేదు. ఇంత ప్రేమగా మందు వేసే చేతులు సీసా మూత ఎప్పుడు తీస్తాయోనన్న ఆలోచన తప్ప అతనికి ఇంకేమీ తోచదు.

పలకరించడానికి జనం బత్తాయిలు పట్టుకుని వస్తారు. ఎవరూ దగ్గరికి రారు. కంటి పరీక్షలో నిలబడినట్టు అవతలి గోడకి ఆనుకుని నిలబడతారు. వాళ్లకి సరిపడా దూరం ఉండాలని హాలు పొడవు పెరుగుతుంది. పక్కింటి సత్యవతి పిన్ని ఆ చివర్నుంచి కేకేస్తుంది.

"నాను అగుపడతన్నానేటి బాబూ?"

"పడుతున్నారు పిన్నీ."

"ఎంత?"

"మొత్తం."

"పోన్లే, నువ్వేనా సూసావు. మీ బాబాయి పెళ్లైన కాడ్నించీ పేపరు ఎనకమాలే ఉన్నాడు."

ఆమె సోఫా దాకా వచ్చి బత్తాయిలు పెట్టి వెళ్లేసరికి కాఫీ చల్లారిపోతుంది.

మూడో రోజు త్రినాథ్ బాల్కనీలో నిలబడి సముద్రంలో లంగరేసిన ఓడ పేరు చదువుతాడు. మధ్యాహ్నానికి ఓడ మీది మనిషి చొక్కాకి గుండీ ఊడిపోయి ఉండటం చూస్తాడు. నాలుగో రోజు చూపు సముద్రం దాటి నిన్నటిలోకి వెళుతుంది. నిన్నటి హైమ తీగ మీద తువ్వాళ్లు ఆరేస్తోంది. అతను ఫోన్ చేస్తే డాక్టరు సంతోషిస్తాడు.

"అంటే బాగా కుదిరిందన్నమాట. కంటికి మైళ్లూ ఏళ్లూ ఒకటేనండీ. ఇంకా సాగుతుంది, కంగారు పడకండి."

అతని కంగారు అది కాదు. గంటకోసారి ఫ్రిజ్ తలుపు తీసి చూస్తాడు. ఆవకాయ డబ్బాకీ నిమ్మకాయలకీ మధ్య సీసా అలాగే ఉంటుంది. పారబోద్దామని ఒకసారి చేతిలోకి తీసుకుంటాడు కూడా. లోపలి నుంచి తన రెండు చూపులూ తననే చూస్తుంటే తిరిగి పెట్టేస్తాడు.

ఏడో రోజు పొద్దున సీసా ఖాళీగా ఉంది.

హైమ కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. పొరలు రెండూ తన కళ్లకి అతికించుకుంది. రెప్పవేయడం లేదు.

"మీ లెక్కల మేష్టారికి చెవుల మీద ఇంత వెంట్రుకలేటండీ," అంటుంది. "పెళ్లిచూపుల్లో నన్నేటీ చూడలేదు మీరు. జంతికల పళ్లెం చూశారు. నేను ముప్పావుగంట తలొంచుకు కూర్చున్నానండీ బాబూ," అని నవ్వుతుంది.

త్రినాథ్ కూడా నవ్వబోతాడు. ఆమె నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది.

"వరండా వచ్చింది."

అతను ఆమె పక్కనే నిలబడి ఉంటాడు. ఆమె చెయ్యి పట్టుకోవచ్చు. పట్టుకోడు.

"ఆయమ్మ వస్తంది. అంచు తీస్తంది..." హైమ ముందుకు వంగుతుంది. "ఇదేటండీ, అంతా సున్నం కొట్టినట్టుంది."

మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. మరోసారి చూస్తుంది.

"మీ చేతులు కనబడతన్నాయి. చొక్కా అంచు కనబడతంది," అంటుంది నెమ్మదిగా. "ఎంత శుభ్రంగా తుడిచారండీ కళ్లజోడు."

గోడగడియారం కొట్టాల్సిన గంట కొట్టకుండా మింగేస్తుంది.

"కోటేరు ముక్కన్నారు."

"అన్నాను."

"గెడ్డం మీద నొక్కన్నారు."

"అన్నాను."

"మరవి ఎవరివి?"

"నీవే. మంచం మీద నువ్వు ఎదురుగా ఉన్నావు. చూసి చెప్పాను."

హైమ తన ముక్కు తడుముకుంటుంది. గడ్డం తడుముకుంటుంది, వేలు నొక్కులో ఆగుతుంది.

"అయితే ఆరేళ్ల బట్టీ నా ముఖం పట్టుకునే నేను ఏడ్చాను."

ఆమె పొరలు తీసి కిటికీ అద్దానికి అతికిస్తుంది. వెంటనే వీధి సగం మసకబారుతుంది, పాలవాడు సైకిలు దిగి దారి వెతుక్కుంటాడు. ఆమె అరవదు. అరిస్తే త్రినాథ్‌కి తేలిగ్గా ఉండేది; అరుపుకి జవాబుగా ఏమనాలో అతను ఆరేళ్లుగా సిద్ధం చేసుకున్నాడు. ఆమె మాత్రం కరెంటు బిల్లు వచ్చిందా అని అడిగినంత మామూలుగా అడుగుతుంది.

"ఇప్పుడు మీకు దూరం కనబడతంది కదా?"

"కనబడుతోంది."

"అయితే చూసి చెప్పండి. నేనిక్కడే కూర్చుంటాను."

త్రినాథ్ నల్లద్దాలు తీసి హాలు చివర ఉన్న గోడకేసి చూస్తాడు. చూపు గోడ దాటుతుంది. నిన్న, పోయిన వానాకాలం, రెండు తుపాన్లు, ఎవరిదో పెళ్లి, హైమ మాట్లాడకుండా వడ్డించిన భోజనాలు, ఒకదాని వెనక ఒకటి దారి ఇస్తాయి. ఫినాయిల్ వాసన వస్తుంది. వరండా కనిపిస్తుంది. ప్రతి గీతా స్పష్టంగా ఉంది, గోడ మీద పెచ్చులూడిన చోట చీమల బారుతో సహా.

ఆయమ్మ మాత్రం కనిపించదు. ఆమెకీ అతనికీ మధ్య మగవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. అందరికీ ఒకటే వీపు, ఒకటే చొక్కా, నడినెత్తిన ఒకటే సుడి. "నీ పోలికే" అని తను అన్నప్పుడల్లా ఒకడొచ్చి వరసలో నిలబడినట్టున్నాడు. చెమటకి చొక్కాలు వీపులకి అతుక్కుపోయాయి. ఎవరూ వెనక్కి తిరగరు.

"ఏటి కనబడతంది?" అని వెనక నుంచి హైమ అడుగుతుంది.

ఆమెకి చెప్పడానికి చాలా మాటలు ఉన్నాయి, అన్నీ బాగుంటాయి. త్రినాథ్ వాటిలో ఒక్కటీ తీయడు. హాలు పొడవునా నడిచి వెళ్లి, చివర నిలబడ్డవాడి తడి భుజం మీద చెయ్యి వేస్తాడు.

"ఏమండీ, కాస్త పక్కకి జరుగుతారా?"